మధ్యలో ఆగకూడని వీడియో

కెమెరా బ్యాటరీ త్వరగా అయిపోతుంటే ఏమేం చూడాలో నాకు వరుసగా తెలుసు. తెర వెలుతురు, వైఫై, లెన్సు కదలికలు, మెమరీ కార్డు, బ్యాటరీ వయసు. ఆదిభట్లలో విమానాల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో నా ఉద్యోగమే అలాంటిది. ఏదైనా భాగం కొలతలో తేడా వస్తే కారణాలన్నీ రాసుకుని, ఒక్కొక్కటే పరీక్షించి, కానిదాన్ని కొట్టేసుకుంటూ పోవాలి. చివరికి మిగిలిందే కారణం. ఆ ఏడు దసరా పోయిన తర్వాతి వారమంతా సాయంత్రాలు ఇంటి అరుగు మీద కూర్చుని నా కెమెరాను అదే పద్ధతిలో పరీక్షించాను. అన్నీ కొట్టేశాను. ఏమీ మిగలలేదు.

ఆ ఆదివారం పొద్దున మా కుంటలో చేప పిల్లలను వదలాలి. వదిలే ముందు లెక్క పెట్టాలి. ఆ లెక్కను నేను వీడియో తీయాలి. వీడియో మధ్యలో ఆగిందంటే మా బాపు మీద పడ్డ మాట ఇక పోదు.

మాది ఇబ్రహీంపట్నం పక్క ఊరు. బాపు మా ఊరి మత్స్యకారుల సంఘానికి అధ్యక్షుడు. వానలకు కుంట నిండాక సంఘం చేప పిల్లలను కొని వదులుతుంది. ఎండాకాలం నీళ్ళు తగ్గాక అందరూ కలిసి వలలు వేసి, పడినదాన్ని పంచుకుంటారు. అంతకుముందు ఏడు చేపల ఫారం నుంచి పిల్లలను తెచ్చి వదిలింది బాపే. ఎండాకాలం వలలు వేస్తే ఎప్పుడూ పడేదాంట్లో సగం కూడా పడలేదు. నీళ్ళు తొందరగా ఇంకాయని కొందరు, కొంగలు తిన్నాయని కొందరు అన్నారు. బాపు చిన్నాన్న కొడుకు, నేను చిన్నాయన అని పిలిచే మనిషి, సంఘం మీటింగులో లేచి నిలబడి వేరే మాట అడిగాడు.

"అసలు కుంటల ఎన్ని పిల్లలు పడ్డయో ఎవలన్న సూసిన్రా?"

ఆ ప్రశ్నకు అర్థం అక్కడున్న అందరికీ తెలుసు. తెచ్చిన పిల్లల్లో కొన్నిటిని బాపు దారిలోనే వేరేవాళ్ళకు అమ్ముకున్నాడని. ఇద్దరూ ఒకే తెప్ప మీద ఈత నేర్చుకున్నవాళ్ళు. బాపు తువ్వాలు మడతపెట్టి భుజం మీద వేసుకుని, ఈసారి లెక్క కెమెరా ముందే జరుగుతుందని, తన కొడుకు తీస్తాడని, లెక్క తప్పితే ఆ క్షణమే పదవి వదిలేస్తానని చెప్పాడట. నేను ఆ మీటింగులో లేను. నన్నెవరూ అడగలేదు. చిన్నాయన పెట్టిన షరతును బాపు ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు నాకు చెప్పాడు. బండి తలుపు తీసిన దగ్గర్నుంచి ఆఖరి సంచి దాకా వీడియో మధ్యలో బంద్ కావద్దు. బంద్ అయిందంటే అక్కడ ఏదో జరిగినట్టే.

ఫోన్లు వద్దని సంఘమే అనుకుంది. ముందటేడు పిల్లలను వదిలేటప్పుడు ఎవరో ఫోనులో తీసిన చిన్న ముక్క వాట్సాప్ గ్రూపులో తిరిగింది. అది పని మొదట్లోదా చివరిదా, మధ్యలో ఏం కోశారు అనే గొడవ నెలల తరబడి నడిచింది. స్టాండు మీద కదలకుండా నిలబెట్టిన కెమెరా అయితే అందరికీ నమ్మకం. నా కెమెరా పాతదే, ఆఫీసులో ఒకరి దగ్గర కొన్నది. ఆదివారాలు కట్ట మీద కూర్చుని కొంగలనూ నీటికాకులనూ తీసుకోవడానికి తప్ప దాన్ని వాడింది లేదు. రికార్డింగు ఇంతసేపే అనే పరిమితి దానికి లేదు. అది ముందే చూసుకున్నాను. పవర్ బ్యాంకుతో మాత్రం నడవదు. కట్ట మీద కరెంటు లేదు. ఉన్నవి రెండు బ్యాటరీలు. ఒక్కోటి మామూలుగా పొద్దుటి పూటంతా వచ్చేది.

ఆ ఏడు దసరా మా ఇంట్లో దసరాలా లేదు. సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకోవడానికి ఊరంతా వచ్చింది గానీ చిన్నాయన రాలేదు. ఆయన వాటా జమ్మి ఆకులను బాపు అంగీ జేబులోనే ఉంచుకుని, చీకటి పడేదాకా గడప దగ్గర నిలబడ్డాడు. పొద్దున అమ్మ ఎప్పటిలాగే ఇంట్లో పని చేసి పెట్టే వస్తువులన్నిటికీ పూజ చేసింది. వలలు, తక్కెడ, కత్తి, బాపు మోటారు సైకిలు, నా ల్యాప్‌టాప్, కంపెనీ గుర్తింపు కార్డు, కెమెరా. నేను లెన్సు మీద పసుపు పడలేదని చూసుకుని, పైన పెట్టిన బొట్లను తుడిచి, అన్నిటినీ సంచిలో పెట్టేశాను.

రెండు రోజులకు మొదటి పరీక్ష. బ్యాటరీ ఛార్జింగు పెడితే ఎప్పటికంటే తొందరగానే పచ్చ లైటు వచ్చింది. కెమెరాను అరుగు మీద నిలబెట్టి రోడ్డు వైపు తిప్పి రికార్డింగు నొక్కాను. అమ్మ పొయ్యి మీద పెట్టిన అన్నం ఉడకకముందే అది ఆగిపోయింది. నిండుగా ఉన్న బ్యాటరీ గుర్తు సగానికి దిగి, ఎర్రబడి, తెర నల్లబడింది.

కంపెనీ బస్సు దిగి ఇంటికి రాగానే ప్రతి సాయంత్రం ఒక పరీక్ష చేసేవాణ్ణి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, రెండు మారిస్తే దేనివల్ల ఏమైందో తెలియదు. తెర వెలుతురు తగ్గించాను. మార్పు లేదు. వైఫై, బ్లూటూత్ ఆపేశాను. మార్పు లేదు. చేయి వణుకును సరిచేసే ఏర్పాటు ఆపాను, లెన్సు తనంతట తాను వెతుక్కోకుండా ఒకే దూరానికి కట్టేశాను, కార్డు మార్చాను, సెట్టింగులన్నీ మొదటికి తెచ్చాను. చివరికి లెన్సే తీసేసి ఖాళీ కెమెరాను నడిపాను. ప్రతిసారీ అదే కథ.

అసలు మొదట చేయాల్సిన పరీక్షను కూడా నేను మరిచిపోలేదు. రెండో బ్యాటరీ వేసి చూశాను. అదీ అలాగే ఆగింది. రెండు బ్యాటరీలు ఒకే వారంలో ఒకే తీరుగా చెడిపోవు. కాబట్టి లోపం బ్యాటరీలో లేదు, కెమెరా లోపలే ఉంది. అలా అనుకుని బ్యాటరీ అనే మాటను కొట్టేశాను. అంత గట్టిగా ఇంకేదీ కొట్టెయ్యలేదు.

ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గరి ఫోటో స్టూడియోకు తీసుకుపోయాను. ఆయన చేతిలోకి కూడా తీసుకోకుండానే, బ్యాటరీ వీకయింది తమ్మీ, కొత్తది కొనుక్కో అన్నాడు. రెండూ ఒకే తీరుగా ఎలా పోతాయని నేను నా తర్కమంతా చెప్పాను. ఆయన నవ్వాడు.

"ఇద్దరన్నదమ్ములకు ఒక్కనాడే జరమొస్తె నువ్వు డాక్టర్ మీద కేసేస్తవా ఏంది?"

ఆ ఆదివారం ముహూర్తాలున్నాయి, ఆయన కెమెరాలన్నీ పెళ్లిళ్ళకు పోతున్నాయి. అడిగినా దొరకలేదు. కోఠికి పోయి కొత్త బ్యాటరీ తేవచ్చు. కానీ తేడా బ్యాటరీలో లేదని నాకు నేనే రుజువు చేసుకున్నాను కదా. కాళ్ళు కదల్లేదు.

శనివారం సాయంత్రం బాపుకు చెప్పేశాను. కెమెరా మీద నాకు నమ్మకం లేదు, అందరినీ ఒప్పించి ఫోన్లతో తీద్దాం అన్నాను. బాపు వల చిరుగు కుడుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఇప్పుడు ఫోనంటె, అగో మాట మార్చిండు అంటరు." దారం కొరికి, ముడి వేశాడు. "సదువుకున్నవ్ గద రా. సూడు జర."

కోప్పడి ఉంటే బాగుండేది. లేచి పోయి దసరా రోజు వేసుకున్న తెల్ల అంగీనే మళ్ళీ దండెం మీద వేసి పెట్టుకున్నాడు, తెల్లారి వేసుకోవడానికి.

ఆదివారం పొద్దున కట్ట మీద సంఘం ఇళ్ళవాళ్ళందరూ ఉన్నారు. కుంట మీద ఇంకా పొగమంచు. బండి బొంగుళూరు గేటు దాటిందని డ్రైవర్ ఫోన్ చేశాడు. నేను స్టాండు నిలబెట్టి మొదటి బ్యాటరీతో ఒకసారి నడిపి చూశాను. గుర్తు సగానికి దిగింది, ఎర్రబడింది, ఆగింది. తల తిప్పితే పక్కనే చిన్నాయన. చేతులు వెనక్కి కట్టుకుని తెర వైపే చూస్తున్నాడు.

"అప్పుడే బంద్ అయిందా?"

"సూస్తున్న చిన్నాయనా. ఇంక మొదలు పెట్టలే."

"మంచిగ సూసుకో. మల్ల మమ్మల్ననొద్దు."

బండి వచ్చింది. చేప పిల్లలు నీళ్ళూ ఆక్సిజనూ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వస్తాయి. తేగానే వదలరు. సంచులను మూతి విప్పకుండా కుంట నీళ్ళలో కాసేపు తేలనిస్తారు, లోపలి నీళ్ళకు బయటి నీళ్ళ చల్లదనం అలవాటు కావాలని. మామూలుగా ఆలోగా గంగమ్మకు పూజ; ఈసారి తలుపు కెమెరా ముందే తెరవాలి కాబట్టి పూజ ముందు పెట్టుకున్నారు. అది అయ్యేలోగా నేను కెమెరా సంగతి తేల్చాలి. ఎండ పెరిగితే పిల్లలు సంచుల్లోనే చచ్చి తేలిపోతాయి, లెక్క ఎవరి కోసమూ ఆగదు.

బండి తలుపు ఇంకా తెరవలేదు. డ్రైవర్ ముందు సీటు దగ్గర విడిగా పెట్టి తెచ్చిన, పిల్లలు లేని ఉత్త నీళ్ళ సంచి ఒకటి కారుతుంటే, కాస్త పట్టు తమ్మీ అని నా చేతిలో పెట్టాడు. దాన్ని బాపుకు అందించి, తడి చేత్తోనే రెండో బ్యాటరీ అందుకున్నాను. దాని కొసన కరెంటు అందే చిన్న రాగి రంగు రేకులు వరుసగా ఉంటాయి. వాటి మీదుగా నా బొటనవేలు జారింది. వేలికి పసుపు అంటింది.

కొంచెమే. గోరు అంచున ఒక గీతంత. మళ్ళీ రుద్దితే మళ్ళీ వచ్చింది.

దసరా రోజు పీట మీద కెమెరా పక్కన ఆ రెండు బ్యాటరీలనూ రేకులు పైకి వచ్చేలా నిలబెట్టింది అమ్మే. నేను చూశాను కూడా. అమ్మ దేన్నీ వదలదు. ఒకదానికి బొట్టు పెట్టి పక్కదానికి పెట్టకుండా అసలే వదలదు. నేను పైపైన తుడిచాను. రేకుల సందుల్లో పట్టిన పసుపు ముద్ద ఆరి, సన్నని పొరలా గట్టిపడింది. ఆ పొరతో అటు ఛార్జరూ మోసపోయింది, ఇటు కెమెరా మోసపోయింది. ఛార్జరు నిండకముందే నిండిందని పచ్చ లైటు వేసింది. కెమెరా ఉన్న కరెంటు అందక అయిపోయిందనుకుని ఆగిపోయింది. రెండు బ్యాటరీలు ఒకే తీరుగా చెడవు అనే సూత్రం సరైనదే. కానీ ఆ రెండిటి మీదా ఒకే చేయి పడింది. కంపెనీలో ఎవరైనా ఇలా ఒకే డబ్బాలోని రెండు భాగాలను పోల్చి కారణాన్ని కొట్టేస్తే, నేనే ఒప్పుకోను.

రుమాలు కొసను తడిపి రేకులను రుద్దాను. తర్వాత పొడి కొసతో. కెమెరా లోపల ఆ రేకులకు తగిలే మొనలకు రుమాలు అందదు. అమ్మ గంగమ్మ దగ్గర దీపం వెలిగిస్తోంది. అగ్గిపెట్టె అడిగాను. ఎందుకురా అన్నది. తర్వాత చెప్తానన్నాను. పుల్ల చివర గుడ్డ పీలిక చుట్టి ఒక్కో మొననూ తుడిచాను. మొన వంగిందంటే అంతే. పీలిక పచ్చగా బయటికి వచ్చింది. బ్యాటరీ వేసి మీట తిప్పాను.

గుర్తు సగానికి కొంచెం పైన నిలబడింది. దిగలేదు. మొదటిది కూడా తుడిచి వేసి చూస్తే దాదాపు అంతే. అంటే లోపం పోయింది గానీ, ఛార్జింగు సగమే ఎక్కింది. రెండూ కలిస్తే పని అయిపోతుంది. ఒక్కదానితో కాదు. మార్చాలంటే వీడియో ఆపాలి.

ఈ లెక్క నాకు ఇంకా మింగుడు పడకముందే పూజ పళ్ళెం మా దగ్గరికి వచ్చింది. పట్టుకున్నది చిన్నాయన. బండికి, తొట్టికి, లెక్కపెట్టే గిన్నెకు బొట్లు పెట్టి, పసుపులో ముంచిన వేలు కెమెరా వైపు చాపాడు. నా చేయి నాకు తెలియకుండానే అడ్డం పోయింది.

"ఏంది రా, గంగమ్మ బొట్టు అడ్డమొస్తుందా నీకు?"

"స్టాండు కాళ్ళకు పెట్టు చిన్నాయనా. మీద పెడితే వీడియో కరాబైతది. నిజం."

ఆయన నా ముఖం చూశాడు. వంగి, మూడు కాళ్ళకూ పసుపు పూసి, బొట్టు పెట్టాడు. అవసరానికి మించే పూశాడు.

రికార్డింగు నొక్కాను. రికార్డింగు నడుస్తోందని చెప్పే ఎర్ర చుక్క వెలిగింది. తెర వెలుతురు పూర్తిగా తగ్గించాను, లెన్సు కట్టేశాను, వారమంతా పనికిరాని నా పరీక్షలన్నీ అప్పుడు పనికొచ్చాయి. బండి తలుపు తెరిచి సంచులన్నిటినీ కెమెరా ముందు నుంచే దింపి, కాసేపు నీళ్ళలో తేలనిచ్చారు. అన్ని సంచులనూ గిన్నెతో లెక్కపెట్టలేరు కాబట్టి, పనికట్టుకుని కొన్నిటిని చిన్నాయనే వేలు పెట్టి చూపించాడు, ఇది విప్పండి, ఇది కాదు అది. విప్పిన సంచిని తొట్టిలో వంచి, ఐదేసి పిల్లలను గిన్నెలోకి తీసి, కుంటలోకి వదులుతూ లెక్క పాడతారు. మొదటి గిన్నెను ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు. బాపు గొంతు ఎప్పుడూ ఈ పాటలో కొంచెం సాగుతుంది. ఆ రోజు సాగలేదు. ఒక్కో మాటా రాయి పెట్టినట్టు పెట్టాడు.

బొచ్చె చేపలు, రవ్వ చేపలు, వేలెడంత పిల్లలు. నేను వాటిని చూడలేదు. తెర మూలనున్న గుర్తునే చూశాను. సగం. సగానికి తక్కువ. అప్పటికి ఏరిన సంచుల్లో ఒకటే మిగిలింది. గుర్తు ఎర్రబడి కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఊరుకోవచ్చు. అదృష్టం ఉంటే అందవచ్చు. లెక్క నడుస్తుండగా, బాపు చేతులు తొట్టిలో ఉండగా ఆగిపోతే మాత్రం నేను ఏం చెప్పినా ఎవరూ వినరు. బాపు ఆఖరి సంచి ముడి మీద చేయి వేశాడు.

"బాపు, ఆగు. ముడి ఇప్పకు. బ్యాటరీ మార్చాలె."

వెనక ఎవరో "అనుకున్నదే" అన్నారు. మెల్లగానే అన్నారు గానీ అందరికీ వినపడింది. వీడియోలో కూడా ఉంది. బాపు సంచిని వదిలి, రెండు చేతులూ తడితోనే పైకి ఎత్తి, నాలుగు అడుగులు వెనక్కి నడిచి నిలబడ్డాడు. డ్రైవర్ ఎండ చూపించి తొందర పెడుతున్నాడు. ఎవరూ కదలలేదు.

చిన్నాయన చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగాడు. ఆ సంచి మూతిని, ముడి కింద, పిడికిలితో పట్టుకుని కెమెరా ముందుకు ఎత్తాడు.

"మూతి నా చేతిల ఉన్నది. అందరు సూస్తున్రు. మార్చుకో పో." నేను ఇంకా నిలబడే ఉన్నానని చూసి, "నీ ఎర్ర లైటు మల్ల వచ్చేదాక ఇడువ. తొందరగ మార్చు, బరువున్నది" అన్నాడు.

ఆపాను. మార్చాను. నా గోరు పట్టుతప్పి మూత ఒకసారి తెరుచుకోలేదు, రెండోసారి తెరుచుకుంది. మీట తిప్పి నొక్కితే ఎర్ర చుక్క వచ్చింది. వచ్చిందని చెప్పాను. ఆయన వెంటనే వదల్లేదు. సంచిని అటూ ఇటూ తిప్పి ముడిని నలువైపులా కెమెరాకు చూపించాడు. తర్వాత తనే విప్పాడు, తనే గిన్నె అందుకున్నాడు.

"లాభం" అన్నాడు. ఆయన గొంతు సాగింది.

లెక్క తక్కువ కాలేదు. ఫారం వాళ్ళు చెప్పినదానికి సంచికి ఒకటీ అరా గిన్నె ఎక్కువే వచ్చింది. దారిలో చచ్చిన కొన్నిటిని బాపు విడిగా ఒక ఆకు మీద పెట్టి అవీ కెమెరాకు చూపించాడు. జనం చెదిరిపోతుంటే చిన్నాయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, పోయినేడు కూడ గిట్లనే పెట్టి ఉంటే అయిపోతుండె అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

"పోయినేడు నువ్వు కుంటకు రాలే," అన్నాడు బాపు. "మీటింగుకే వచ్చినవ్."

ఇంటికొచ్చాక అమ్మకు పసుపు సంగతి చెప్పాను. నొచ్చుకుంటుందేమోనని భయపడుతూనే చెప్పాను. ఆమె బ్యాటరీని అటూ ఇటూ తిప్పి చూసి, మరి వచ్చే దసరాకు ఎక్కడ పెట్టాలో నువ్వే చూపించు, పెట్టకుండా మాత్రం ఉండను అన్నది. వీపు మీద పెట్టమని వేలితో చూపించాను.

మధ్యాహ్నం అన్నాల వేళకు చిన్నాయన గడప దాటి లోపలికి వచ్చాడు. మీటింగు తర్వాత అదే మొదటిసారి. తప్పైందని అనలేదు, బాపు కూడా అడగలేదు. వీడియో పెట్టమన్నాడు. టీవీకి కలిపి పెట్టాను. బండి తలుపు దగ్గర్నుంచి మొత్తం చూశాడు, అమ్మ ఇచ్చిన టీ చల్లారిపోయింది. మొదటి ఫైలు, బాపు చేతులెత్తి వెనక్కి నడవడం, పిడికిలిలో సంచి మూతి. అక్కడ ఆగింది. రెండో ఫైలు పెట్టాను. అదే పిడికిలి, అదే ముడి, మణికట్టు మీద పసుపు మరక.

ఆయన ముందుకు వంగి తెర మీద వేలు పెట్టాడు. ముఖంలో నవ్వు లేదు.

"గీడ కోసినవ్ రా నువ్వు."

నిజంగానే అంటున్నాడనుకున్నాను. బాపు మాత్రం ఆయన ముఖం వైపు ఒక్కసారి చూసి పకపకా నవ్వాడు. నవ్వుతూనే తెల్ల అంగీ జేబులో చేయి పెట్టి, ఎండి ముడుచుకుపోయిన జమ్మి ఆకులను తీసి, టీ గ్లాసు పక్కన పెట్టాడు. చిన్నాయన వాటిని చూసీ చూడనట్టు తన జేబులో వేసుకుని, చల్లారిన టీ తాగాడు.

ఆ రెండు ఫైళ్ళనూ ఒకటిగా అతికించడం నాకు చిటికెలో పని. సంఘం వాళ్ళు అలా చేసి ఇవ్వమని అడిగారు కూడా. రెండుగానే ఇచ్చాను.